ఐదేళ్ల ఫిట్‌నెస్ ఉందన్న మాట

గత నెలలో ఒక ఆదివారం ఉదయం మా మేనల్లుడు ఫోన్ చేసి, నల్లకుంటలో ఒక పాత కారు చూడటానికి వెళ్తున్నానని, నన్ను కూడా తోడు రమ్మని అడిగాడు. 2009లో రిజిస్టరైన పెట్రోలు బండి. అమ్మే ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు. తిరిగింది అరవై రెండు వేల కిలోమీటర్లేనట, ధర కూడా వాడికి అందుబాటులోనే ఉంది. ఇవన్నీ చెప్పాక చివర్లో ఒక మాట అన్నాడు: "ఫిట్‌నెస్ కూడా చేయించిండ్రు మామయ్యా, 2029 దాకా ఉంది. అంటే గవర్నమెంటోళ్లు చూసి బాగుందని రాసిచ్చినట్టే గదా."

ఆ మాటను నేను వెంటనే కాదనలేకపోయాను, ఎందుకంటే 2023లో నా సొంత కారు విషయంలో నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. ఆ తర్వాత జరిగినదాన్ని బట్టి, ఫిట్‌నెస్ ఉందన్న మాటకూ బండి బాగుందన్న మాటకూ మధ్య ఎంత దూరముందో తెలిసింది. అప్పటి నుంచి నాలో క్రమంగా గట్టిపడిన అభిప్రాయం ఇది: పాత కారును పరీక్షించినప్పుడు ఫలితాన్ని పాసా, ఫెయిలా అన్న ఒక్క మాటతో ముగించకూడదు. ఏ భాగం ఎలా ఉంది, కొలిస్తే ఎంత వచ్చింది, ఏది ఈసారికి సరిపోయినా త్వరలో మార్చవలసి ఉంది అన్న వివరమంతా రాసి ఇవ్వాలి. ఆ రాత యజమాని దగ్గర ఆగిపోకుండా బండి నంబరుతో ముడిపడి ఉండాలి, రేపు ఆ బండిని కొనాలనుకునే వ్యక్తి దాన్ని చదువుకోగలగాలి. ఇది చిన్న కోరికలా కనిపించవచ్చు గానీ, దీని చుట్టూ నాకే చాలా సందేహాలున్నాయి. వాటితో సహా రాస్తున్నాను.

ఒకే కారు, రెండు పరీక్షలు

నా కారు 2008 జూలైలో రిజిస్టరైంది. 2014లో నేను దాన్ని ఒక సహోద్యోగి దగ్గర కొన్నాను. సొంత వాడకపు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది కాబట్టి, షోరూం నుంచి బయటికి వచ్చిన రోజు మొదలు 2023 జూలై దాకా ప్రభుత్వం తరఫున ఎవరూ ఆ బండి కిందికి వంగి చూడలేదు. నా పేరుకు మారినప్పుడు కూడా చూడలేదు, ఎందుకంటే పేరు మార్పుకు కావలసింది 29, 30 నంబరు ఫారాలూ సంతకాలూ మాత్రమే. గడువు దగ్గర పడ్డాక, ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పొడిగించుకోవడానికి బయలుదేరాను. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్ల పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5000 రూపాయలకు పెరిగింది, ఆలస్యమైతే నెలకు 500 చొప్పున అదనం కూడా పడుతుంది కాబట్టి, ఆ వారంలోనే పని పూర్తి చేయాలని తొందరపడ్డాను.

మొదట పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం పెట్రోలు బంకు పక్కన ఆగి ఉన్న వ్యాను దగ్గరికి వెళ్లాను. అక్కడి అబ్బాయి సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, తెర మీద అంకెలు వచ్చాక, "ఫెయిల్ వచ్చింది సార్, ఇంజన్ ఇంకొంచెం వేడెక్కినాక మళ్ల చూద్దాం" అన్నాడు. మళ్లీ చూసినా అదే ఫలితం. నా బండి భారత్ స్టేజ్ 3 పొగ ప్రమాణాల కాలం నాటిది, దానికి కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు, నాది 1.7 చూపిస్తోంది. హైడ్రోకార్బన్లకు, అంటే కాలకుండా బయటికి పోయే పెట్రోలుకు, హద్దు 750 పీపీఎం (పది లక్షల భాగాల్లో 750), అందులో మాత్రం నా కారు చాలా కిందే ఉంది. నేను ఆ తెరను ఫోటో తీసుకొని ఆజామాబాదులో ఉన్న మా మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన ఆ రెండు అంకెలను కాసేపు చూసి, ప్లగ్గులు సరిగ్గా కాలుస్తున్నాయని, అవి తప్పుతుంటే రెండో అంకె కూడా ఎగిరిపోయేదని, ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువ పోతోందని, ఎయిర్ ఫిల్టరో ఆక్సిజన్ సెన్సరో చూడాలని చెప్పారు. సెన్సరే పోయింది. మార్చాక 0.2 వచ్చింది. అంతకు ముందు రెండేళ్లుగా మైలేజీ ఎందుకు పడిపోయిందో కూడా ఆ రోజే తెలిసింది.

రెండో పరీక్ష రవాణా కార్యాలయంలో జరిగింది. వరసలో గంటన్నర నిలబడ్డాక నా వంతు వచ్చింది. అధికారి ఛాసిస్ నంబరును నేను కాగితం మీద తీసుకెళ్లిన పెన్సిల్ అచ్చుతో పోల్చారు, లైట్లూ ఇండికేటర్లూ వేయించారు, హారన్ కొట్టించారు, వైపర్లు ఆడించమన్నారు, బండిని కొద్ది దూరం నడిపించి బ్రేకు వేయమన్నారు. నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. కారు పాసైంది, 2028 దాకా గడువున్న ఆర్సీ చేతికొచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో మిఠాయి పంచినంత పని చేశాను.

సరిగ్గా ఏడు వారాలకు, ఆగస్టు చివరి వానల్లో, అంబర్‌పేట దగ్గర నీళ్లు నిండిన గుంతలో కుడి ముందు చక్రం దిగి, అప్పటి నుంచి టకటకమన్న చప్పుడు మొదలైంది. మెకానిక్ జాకీ ఎత్తి, ఆ చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే అది నా కళ్లముందే లోపలికీ బయటికీ కదిలింది. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ చివర కీలులా ఉండే బాల్ జాయింట్ ఆయన విప్పి నా చేతిలో పెట్టినప్పుడు, దాని రబ్బరు తొడుగు పూర్తిగా చిరిగిపోయి, లోపల గ్రీజు ఉండవలసిన చోట ఎండిన మట్టి ఉంది. "ఇది నిన్న మొన్న ఖరాబ్ అయింది గాదు సాబ్, ఏడాది సంది ఇట్లనే ఉన్నది" అన్నారాయన. ఆ జాయింట్ ఊడిపోతే చక్రం పక్కకు ఒరిగిపోయి బండి ఆ మూలన నేలకు కూలబడుతుంది. ఆ ఏడాదిలోనే నేను మా అమ్మనూ భార్యనూ కూర్చోబెట్టుకొని ఔటర్ రింగ్ రోడ్డు మీద రెండుసార్లు శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లొచ్చాను.

ఆ అధికారిని నేను తప్పుపట్టడం లేదు. ఆయన దగ్గర బండిని ఎత్తే ర్యాంపు లేదు, నా వెనక ఇంకా ఎన్నో బండ్లున్నాయి. నన్ను ఆలోచింపజేసింది వేరే విషయం. ఫెయిలైన పరీక్ష రెండు అంకెలు ఇచ్చింది. ఆ అంకెలతో ఒక మెకానిక్ రోగం కనుక్కొని మందు వేయగలిగాడు. పాసైన పరీక్ష ఒక తేదీ ఇచ్చింది, ఆ తేదీతో నేను చేయగలిగింది నిశ్చింతగా ఉండటం ఒక్కటే, ఆ నిశ్చింతకు ఆధారం లేదు. అక్కడ చక్రాలను ఊపి చూశారా లేదా అన్నది కూడా ఆ కార్డులో లేదు. "ముందు చక్రాల జాయింట్లు పరీక్షించలేదు" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చి ఉంటే, నేను ఆ రోజే షెడ్డుకు వెళ్లేవాణ్ణి.

మన ఎండ, మన రోడ్లు

పాత కార్లు ఎక్కడ దెబ్బతింటాయన్నది ఊరిని బట్టి ఉంటుంది. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి రేకు తినేస్తుంది. హైదరాబాదులో, మా మెకానిక్ మాటల్లో, ముందు పోయేది ఇనుము కాదు, రబ్బరు. ఎండాకాలంలో రోజంతా ఆఫీసు బయట ఎండలో నిలబడే కారుకు సస్పెన్షన్ బుష్షులు, బ్రేకు హోసులు, వైపర్ బ్లేడ్లు, డ్రైవ్ షాఫ్ట్ బూట్లు (ఇరుసు కీళ్ల రబ్బరు తొడుగులు), టైర్ల పక్క గోడలు అన్నీ ఒకే వేడిలో ఎండి పగుళ్లు పడతాయి. తక్కువ తిరిగిన బండి మంచిదన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు, ఏళ్ల తరబడి గ్యారేజీలో నిలిచిన బండి టైరుకు ఐదు మిల్లీమీటర్ల గాడి కూడా మిగిలి ఉండవచ్చు. కానీ పక్క గోడ మీద ఉండే నాలుగంకెల గుర్తు చదివితే, ఉదాహరణకు 2314 అని ఉంటే, అది 2014లో ఇరవై మూడో వారంలో తయారైనదని అర్థం. గాడి చూసి సరే అనే పరీక్ష ఆ టైరును వదిలేస్తుంది. గాడినీ తేదీనీ రెండింటినీ రాసే పరీక్ష కొనేవాడికి నిజం చెబుతుంది.

రబ్బరు తర్వాత స్పీడ్ బ్రేకర్లు. మన కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టిన దిబ్బల మీద రోజుకు పాతిక సార్లు ఎక్కి దిగే బండికి లింక్ రాడ్లూ షాకబ్జర్ల పై మౌంటులూ ఎంతకాలం నిలుస్తాయి? చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింటో బేరింగో కదులుతుంది, కుడి ఎడమలు పట్టి ఊపితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ స్థితి తెలుస్తుంది. ఒక జాకీ, రెండు చేతులు ఉంటే రెండు నిమిషాల్లో అయ్యే పరీక్ష ఇది.

బ్రేకుల విషయం ఇంత తేలిక కాదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను మన తెలుగు ఊళ్లలో తరతరాలుగా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆ ఉద్యోగంలో అసలు పని ఏదో జనానికి సరిగ్గానే తెలుసని ఆ పేరు చెబుతుంది. కానీ ఖాళీ మైదానంలో పదిహేను కిలోమీటర్ల వేగంతో వెళ్లి వేసిన బ్రేకు, వెనక ఎడమ డ్రమ్ములో బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ కారుతూ ఆ షూలను బ్రేకు ఆయిలుతో తడిపేస్తోందన్న సంగతిని బయటపెట్టదు. అది తడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగడంతో బయటపడుతుంది. రోలర్ల మీద చక్రాలను తిప్పి, ఒక్కో చక్రం ఎంత బలంతో ఆగుతోందో, కుడి ఎడమల మధ్య తేడా ఎంతో విడిగా కొలిచే యంత్రం మీద మాత్రం మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. హ్యాండ్ బ్రేకుదీ ఇదే కథ. చదునైన చోట బండిని గేరులో వదిలి నిలిపే అలవాటున్నవాళ్లకు, దాని కేబుల్ తుప్పు పట్టి బిగిసిపోయిందని బంజారాహిల్స్ ఎత్తుల్లో బండి వెనక్కి జారేదాకా తెలియదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుందని, అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారని నాకు నలభై ఏడో ఏట తెలిసింది.

హెడ్‌లైట్ల గురించి కొద్దిగా. పచ్చబడిన ప్లాస్టిక్ అద్దాల వెనక బల్బు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి వెలిగిందా లేదా అని చూసే పరీక్షలో అవి పాసవుతాయి, వెలుగు రోడ్డు మీదికి చేరుతోందా అన్నది బీమ్ కొలిస్తేనే తెలుస్తుంది. అది చాలక కొందరు హాలోజన్ బల్బుకు తయారైన గిన్నెలో తెల్లటి ఎల్ఈడీ బిగించి ఎదుటివాళ్ల కళ్లు పోగొడుతున్నారు.

ఇక మన నగరానికే ప్రత్యేకమైనది ఒకటుంది. 2020 అక్టోబరు వరదల్లో టోలిచౌకి నదీం కాలనీ నుంచి ఫలక్‌నుమా పక్క అల్ జుబైల్ కాలనీ దాకా కార్లు సీట్ల పైదాకా మునిగాయి. అలా మునిగిన బండ్లు ఆరబెట్టి, పాలిష్ చేసి, సీటు కవర్లు మార్చాక మళ్లీ రోడ్డెక్కుతాయి. వాటిని గుర్తుపట్టడానికి మెకానిక్‌లు సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తారు, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూరలో బురద గీత మిగిలి ఉంటుంది. ఆ బండ్లలో వైర్ల కీళ్లు ఏళ్ల తర్వాత తుప్పుపట్టి లైట్లూ సెన్సర్లూ ఒక్కొక్కటిగా ఆగిపోతుంటే, కొన్నవాడు మెకానిక్‌ను తిట్టుకుంటాడు. మునిగిన సంగతి మొదటి యజమానికి తెలుసు, బీమా కంపెనీకి తెలుసు, బాగుచేసినవాడికి తెలుసు. డబ్బు పెట్టి కొన్నవాడికి మాత్రం తెలియదు.

చెప్పి పాస్ చేయడం

బ్రిటన్‌లో 1960 నుంచి ఎంఓటీ అనే పరీక్ష ఉంది. ఇప్పుడు అక్కడ మూడేళ్లు నిండిన కారును ఏటా పరీక్షిస్తారు. నన్ను ఆకట్టుకున్నది ఏటా జరగడం కాదు, ఫలితం రాసే తీరు. 2018 మే నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని వేరు చేస్తున్నారు, వాటితో పాటు, పాసైన బండికి కూడా "ఫలానా టైరు హద్దుకు దగ్గరగా ఉంది", "ఫలానా బుష్షు అరగడం మొదలైంది" అన్నట్టుగా సలహాలు రాసి ఇస్తారు. ఆ రోజు మీటరు ఎంత చూపించిందో కూడా నమోదవుతుంది. బండి నంబరు తెలిసిన ఎవరైనా ఆ పాత ఫలితాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. మీటరు వెనక్కి తిప్పిన బండి ఆ వరసలో పెట్టి చూస్తే దానంతటదే దొరికిపోతుంది.

అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కింది రేకు తుప్పు వాళ్లకు పెద్ద సమస్య. వాళ్ల జాబితాను తెచ్చి మనమీద రుద్దమని నేను అనను. నేను కోరేది ఆ "సలహా" అన్న గది ఒక్కటే. మన పద్ధతిలో పాస్‌కూ ఫెయిల్‌కూ మధ్య చోటు లేదు, పాత కార్లన్నీ బతికేది సరిగ్గా ఆ మధ్య చోటులోనే.

కేంద్రం 2021లో ఆటోమేటిక్ పరీక్షా కేంద్రాలకు నిబంధనలు తెచ్చింది. రోలర్ల మీద బ్రేకులు, సస్పెన్షన్, హెడ్‌లైట్ల బీమ్ అన్నీ యంత్రాలు కొలుస్తాయి, మనిషి కంటికీ మొహమాటానికీ చోటు తగ్గుతుంది. వాటిని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అయితే యంత్రం కొలిచిన అంకెలు కంప్యూటర్‌లో ఉండిపోయి, జనానికి మళ్లీ ఆ తేదీ ఒక్కటే చేరితే, నాకు 2023లో జరిగిందే ఇంకొకరికి ఇంకొంచెం ఖరీదైన యంత్రాల మధ్య జరుగుతుంది. పైగా తెలంగాణ బండ్ల వివరాలు చాలా ఏళ్ల పాటు, దేశంలోని బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే జాతీయ వాహన్ పోర్టల్‌లో కలవకుండానే ఉన్నాయి. బండి చరిత్ర బండి వెంట రావాలంటే ముందు ఆ చరిత్రకు ఒక చోటు ఉండాలి.

నన్ను ఆపిన ప్రశ్నలు

ఈ వాదన మొదట మా ఇంట్లోనే పెట్టాను. మా ఆవిడ అడిగింది: "మంచి మెకానిక్ ఉంటే చాలదా? మీకు చెప్పింది ఆయనే గదా, గవర్నమెంటు కాదు." నిజమే, కానీ ఆయన చెప్పింది నాకు. నా కారు రేపు కొనేవాడికి ఆయన ఎవరో తెలియదు. ఆ బాల్ జాయింట్ మార్చకుండా, చప్పుడు వినిపించకుండా గ్రీజు కూరి, ఐదేళ్ల ఫిట్‌నెస్ చూపించి అమ్మి ఉంటే నన్ను అడిగేవాడు లేడు.

రెండోది నన్ను చాలాకాలం ఆపిన ప్రశ్న. లోపాలన్నీ రాసి అందరికీ చూపిస్తే పాత బండి ధర పడిపోతుంది, పాత బండే ఆస్తిగా ఉన్నవాళ్లు నష్టపోతారు. దీన్ని తేలిగ్గా తీసుకోలేను, నేనూ ఆ స్థితి నుంచి వచ్చినవాణ్ణే. కానీ పాత కారు ఏ దిశలో చేతులు మారుతుందో చూడండి. దాదాపు ప్రతిసారీ కాస్త ఉన్నవాడి నుంచి అతనికన్నా లేనివాడి దగ్గరికి వెళ్తుంది. మొదటి యజమాని కొత్తది కొనుక్కుంటాడు, రెండోవాడు ఐదేళ్లు నడిపి అమ్ముతాడు, మూడోవాడు అప్పు చేసి కొంటాడు. దాచిన లోపం ఖర్చు చివరికి ఆ మూడోవాడి మీద, అంటే మెకానిక్‌కు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేని రోజునే పడుతుంది. ధర పడిపోవడం నష్టమే, అయితే ఇప్పుడు కూడా ఆ నష్టం ఉంది, దాన్ని తెలియనివాడి చేత కట్టిస్తున్నాం.

మూడోది లంచం గురించి. కాగితం విలువ పెరిగేకొద్దీ దాన్ని కొనాలనే ఒత్తిడి కూడా పెరుగుతుందని నా మిత్రుడొకరు అన్నారు. పరీక్ష రోజుకు మంచి టైర్లు బిగించి, మర్నాడు విప్పేసే లారీల గురించి అందరూ వినే ఉంటారు. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. పాస్ అని మాత్రమే రాసినప్పుడు ఆ రాతకు ఎవరూ బాధ్యులు కారు, ఎందుకంటే అందులో తప్పని నిరూపించదగిన మాటే లేదు. "కుడి బాల్ జాయింట్ బాగుంది" అనో, "ముందు ఎడమ టైరు 2314" అనో రాసి సంతకం పెడితే, వారం తర్వాత ఏ మెకానిక్ అయినా దాన్ని బండితో పోల్చి చూడగలడు. అబద్ధం రాయడం అప్పుడూ కుదురుతుంది, కానీ అది అబద్ధంగా నిలబడి ఉంటుంది. మిగతా సగం జవాబు నాకు దొరకలేదు.

ఇంతకంటే సులువైన దారి వయసు పెట్టడమేనని ఇంకొందరు అంటారు. ఢిల్లీలో 2015లో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ పదేళ్ల డీజిల్ బండ్లూ పదిహేనేళ్ల పెట్రోలు బండ్లూ తిరగకూడదంది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడి గాలి సంగతి వేరు, దాని మీద నేను తీర్పు చెప్పను. తెలంగాణలో సొంత కార్లకు అటువంటి వయసు హద్దు లేకపోవడం నాకు సబబుగానే తోస్తుంది. ఆరేళ్లలో మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన క్యాబ్ కన్నా, ఒక మాస్టారి పదహారేళ్ల బండి బాగుండవచ్చు. అయితే వయసును నమ్మబోమని చెప్పినప్పుడు స్థితిని కొలిచే బాధ్యత మన మీద పడుతుంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్ల పొడిగింపు రుసుమును 10,000 రూపాయలు చేశారు. అంత డబ్బు తీసుకున్న పరీక్ష, బండి గురించి ఒక పేజీ సమాచారమైనా ఇవ్వాలని అడగడం అత్యాశ కాదు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగిన లోపాన్ని తెలుసుకోకుండా బండి నడిపినవాణ్ణి కూడా తప్పుపడుతుంది. తెలుసుకునే బాధ్యతను పౌరుడి మీద అంత గట్టిగా పెట్టిన చట్టం, ప్రభుత్వమే చేసిన పరీక్షలో బయటపడిన సంగతులను అతనికి చెప్పాలి కదా.

ఏటా పరీక్ష కావాలని నేను అడగడం లేదు. రోజు కూలి పోగొట్టుకొని వరసలో నిలబడే పాత వ్యాను డ్రైవర్లను చూశాక ఆ మాట నోటికి రాదు. పదో ఏట ఒకసారి, పదిహేనో ఏట ఒకసారి, చేతులు మారిన ప్రతిసారీ ఒకసారి జరిగితే చాలు. ప్రమాదకరమైనవి తప్ప మిగతావాటికి బండిని ఆపవద్దు. రాయండి, అంతే.

నల్లకుంట బండి

ఆ ఆదివారం మేం మాస్టారింటికి వెళ్లేసరికి ఆయన కారు కడిగించి, కాగితాలన్నీ ఫైలులో సర్ది సిద్ధంగా ఉంచారు. రంగు మెరుస్తోంది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. సీటు బెల్టులు చివరిదాకా లాగి చూశాను, బురద లేదు. టైర్ల తేదీలు మాత్రం 2015వి. "మీకు అభ్యంతరం లేకపోతే ఒక గంట మా మెకానిక్‌కు చూపిద్దాం మాస్టారూ" అంటే, ఆయన సంతోషంగా తానూ వెంట వచ్చారు.

మెకానిక్ బండిని పైకెత్తి చూస్తూ చెబుతుంటే, మా మేనల్లుడు పాత డైరీలోంచి చింపిన కాగితం మీద ఒక్కొక్కటీ రాశాడు. ముందు బ్రేకు ప్యాడ్లు సగం ఉన్నాయి. ఎడమ డ్రైవ్ షాఫ్ట్ బూటు పగిలింది. టై రాడ్లు బాగున్నాయి. నాలుగు టైర్లూ ఎండిపోయాయి. హ్యాండ్ బ్రేకు పట్టడం లేదు. వెనక ఎడమ చక్రం డ్రమ్ము విప్పగానే లోపలంతా తడిగా ఉంది, వీల్ సిలిండర్ నుంచి కారిన బ్రేకు ఆయిలు షూల మీదికి పాకింది. ముందు చక్రానికి వెళ్లే రబ్బరు హోసును వంచితే దారాలు కనిపించాయి. మెకానిక్ దాన్ని వేలితో చూపిస్తూ, "ఇది పోతె బ్రేక్ పెడల్ కిందికి పోతది సార్, పనిజెయ్యది" అన్నారు.

మాస్టారు చాలాసేపు ఆ హోసు వైపే చూస్తూ నిలబడ్డారు. నిరుడు ఫిట్‌నెస్ చేయించాను కదా, అన్నీ చూసే ఉంటారనుకున్నాను అని రెండుసార్లు అన్నారు. ఆయన గొంతులో అమ్మకం చెడిపోతుందన్న బెంగ నాకు వినిపించలేదు. మా మేనల్లుడు మొహమాటపడుతూ, ఈ ఖర్చులు తగ్గించి ధర చెప్పమని మొదలుపెట్టబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"ధర సంగతి తర్వాత చూద్దాం బాబూ. రోజూ పొద్దున్నే మా మనవరాలిని స్కూల్లో దింపేది ఇందులోనే" అని, మెకానిక్ వైపు తిరిగి, బ్రేకుల పని ఇవాళే చేయగలరా, నన్ను ఆటోలో పంపించినా ఫరవాలేదు అని అడిగారు. వెళ్లేముందు మా మేనల్లుడి చేతిలోని ఆ డైరీ కాగితం అడిగి తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, ఫైలులో ఆర్సీ ఉన్న కవరులోనే పెట్టుకున్నారు.